చెక్క నీళ్లలో ఉడికిన వైరు

మా నాన్నకు ఒక పడవ ఉండేది, వలలు ఉండేవి, పట్టుదల మాత్రం వాటన్నిటికంటే ఎక్కువ ఉండేది. మైపాడుకు దక్షిణంగా ఇసుక దిబ్బల వెనక ఉన్న మా ఊళ్లో ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లం అమ్మా, నేనూ మాత్రమే. అమ్మ నవ్వుతూ చెప్పేది, నేను గొంతు లేపి చెప్పేదాన్ని. ఆ జాబితాలో అల్లుడు కూడా చేరడం ఆయనకు మింగుడు పడలేదు.

మా ఆయన కూడా చేపల వేట మీద బతికే ఇంటి బిడ్డే. కాకపోతే చిన్నప్పుడే నెల్లూరు చేరి కరెంటు పని నేర్చుకున్నాడు, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. అరవైల మొదట్లో మా ఊరికి కరెంటు స్తంభాలు వచ్చినప్పుడు మా పుట్టింటికి వైరింగు చేసింది ఆయనే. వైరు చుట్టకు అంటించిన కాగితాన్ని నాన్నకు చూపించి, పరీక్షకు నిలిచిన సరుకని ప్రభుత్వం వేసిన ముద్ర ఇది, ముద్ర లేని వైరును నేను గోడకెక్కించను అన్నాడు. నాన్నకు చదువు రాదు. ఉప్పు గాలికి కాగితం చూపిస్తే ఊరుకుంటుందా అని నవ్వేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి ఏడు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. మాలో పురుడు నట్టింట్లో పోయరు. పెరట్లో విడిగా తాటాకు కప్పిన చిన్న గది ఉండేది, బిడ్డకు నెల నిండేదాకా తల్లీ బిడ్డా అందులోనే ఉండాలి. ఆ గదికి కరెంటు లేదు. ఇంటికి వాడిన వైరు అయిపోయింది, నెల్లూరు అంగళ్లలో ముద్ర ఉన్న వైరు దొరకడం లేదు. సరుకు రాగానే తెచ్చి గదికి కూడా దీపం పెడతానని మా ఆయన కబురు చేశాడు.

నాన్నకు ఆగడం చేతకాదు. ఇంటి నిండా దీపాలు పెట్టుకుని కూతుర్ని లాంతరు పొగలో కననిస్తానా అన్నాడు. నెల్లూరు వెళ్లి, సంతలో విడిగా అమ్మేవాడి దగ్గర వైరు కొనుక్కొచ్చాడు. దాని మీద కాగితమూ లేదు, ముద్రా లేదు. లోపల రాగి తీగ, దాని మీద పల్చటి రబ్బరు, ఆ పైన తెల్లటి నూలు అల్లిక. ఆ నూలును వేళ్లతో నలిపి చూసి, ఇక దిగుల్లేదు అన్నాడు.

నూలు సంగతి మా వాళ్లకు బాగా తెలుసు. అప్పటి వలలన్నీ నూలువే. తుమ్మ చెక్కను, అంటే తుమ్మ బెరడును, పెద్ద గంగాళంలో మరగబెట్టి, ఆ ఎర్రటి నీళ్లలో వలను ముంచి ఉడికించి, ఇసుకలో ఆరబెట్టేవాళ్లు. అలా చేస్తే ఉప్పు నీళ్లు వలను తినవు. మా ఊళ్లో చెక్క పట్టించడంలో నాన్నను మించినవాడు లేడు. ఆ వారం వలలతో పాటు వైరును కూడా గంగాళంలో వేశాడు.

అమ్మ చూసి నవ్వింది. "దాన్ని గూడా వేటకు తీసకపోతా ఉండావా?"

"నూలే గదా. చెక్క పడితే సముద్రంలోనే నిలస్తాది, తాటాకు కింద నిలవదా?"

నిజం చెప్పాలంటే మా ఊళ్లో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. పెళ్లిళ్లకు మైకు సెట్టు కట్టే మనిషొకడు వచ్చి, ముదురు ఎరుపు తిరిగిన ఆ వైరును ఇంట్లోంచి పెరట్లోకి లాగి, చూరు కిందున్న వెదురు గుంజ మీదుగా గదిలోకి దించాడు. అదే గుంజకు అమ్మ బట్టలారేసుకునే ఇనప తీగ కట్టి ఉంది. దీపం వెలిగింది. చుట్టుపక్కల వాళ్లను పిలిచి మరీ చూపించుకున్నాడు నాన్న. నా కూతురు ఆ దీపం కిందే పుట్టింది. అబద్ధమెందుకు, దాని ముఖం అంత స్పష్టంగా కనబడుతుంటే నేనూ మురిసిపోయాను.

బిడ్డను చూడడానికి మా ఆయన వచ్చాడు. బిడ్డను ఎత్తుకుని పైకి చూశాడు, ఎర్ర వైరు కనబడింది. ఇదేమిటని నన్నడిగాడు. చెప్పాను. ఆయన బిడ్డను నా ఒళ్లో పెట్టి, ఇంట్లోకి వెళ్లి ఆ గది ఫ్యూజు పీకేశాడు. తర్వాత నాన్నకు నెమ్మదిగానే చెప్పాడు. అసలే నాసిరకం రబ్బరు, ఉడికితే చిట్లిపోతుంది, పైనున్న నూలు తేమ పీల్చుకుంటే కరెంటు బయటికి వస్తుంది, ముద్ర ఉన్న వైరు తెచ్చేదాకా ఈ ఫ్యూజు ముట్టుకోవద్దు అన్నాడు.

వాకిట్లో నలుగురు ఉన్నారు. వాళ్ల ముందు నాన్నకు అది చెంపదెబ్బ తిన్నట్టయింది.

"నా చేత్తో పట్టించిన చెక్క ఇంతకాలం నన్ను మోసం చేయలేదు అల్లుడా. నీ కాయితం కోసం నా మనవరాలు చీకట్లో పడుండాల్నా?"

"వల తడవాల్సిందే మామా. ఇది తడవకూడదు."

మా ఆయన పనికి వెళ్లిపోయాడు. నాన్న ఆ రోజు అన్నం సరిగా తినలేదు. అల్లుడు చెప్పింది కూడా వినరాదా అని అమ్మ మందలించింది. కొన్నాళ్లు విన్నాడు కూడా.

తర్వాత వాయుగుండం పట్టింది. సముద్రం మీదికి ఎవరూ పోలేదు. పగలే గదిలో కంటికి చేయి కనబడనంత చీకటి. బిడ్డకు జలుబు చేసి గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది. ఆ ఏడుపు నాన్న చెవిన పడింది. ఇంట్లోకి వెళ్లి ఫ్యూజు పెట్టేశాడు. దీపం వెలగగానే బిడ్డ నా ముఖం చూసి కాస్త తగ్గింది. పోనీలే, ఈ పూటకే గదా అనుకున్నాం.

వాన కాస్త తెరిపివ్వగానే అమ్మ బిడ్డ పొత్తిగుడ్డలు ఉతికి తెచ్చింది. చూరు నీళ్లు కారి వెదురు గుంజా, దాని మీది వైరూ నానిపోయి ఉన్నాయి. తడి కాళ్లతో నిలబడి ఇనప తీగ మీద ఒక గుడ్డ వేసింది. రెండోది ఆమె చేతిలోనే ఉండిపోయింది. గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను, మొదట నాకు అర్థం కాలేదు, అమ్మ ఎందుకో తీగను గట్టిగా పట్టుకుందనుకున్నాను. నాన్న పడవ తెడ్డు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. తెడ్డుతో కొట్టి గుంజ మీది వైరు తెంపాడు. అమ్మ ఆయన కాళ్ల దగ్గర పడింది. బండి కట్టి ఇందుకూరుపేట ఆసుపత్రికి తీసుకుపోదామని ఎవరో అన్నారు. అమ్మ ఒళ్లు తడిమి చూసిన పెద్దావిడ వద్దంది.

మా అమ్మ చచ్చిపోయింది. ఇన్నేళ్లయినా ఆ మాట మెత్తగా చెప్పడం నాకు రాలేదు, రానక్కర్లేదు కూడా. అందరికంటే తెలివైనది, అందరికంటే తక్కువ మాట్లాడేది, మనవరాలి గుడ్డ ఆరేస్తూ పోయింది.

మా ఆయన వచ్చి అన్ని పనులూ దగ్గరుండి చేయించాడు. నేను ముందే చెప్పాను అనే మాట ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. అంటే బాగుండునని నాకు ఉండేది. నాన్న మీద అరవడానికి నా గొంతు లేవలేదు, ఇంకెవరైనా అరిస్తే వినాలని ఉండేది. నాన్న వేటకు పోవడం మానేశాడు. గంగాళాన్ని ఇసుకలో బోర్లించి దాని మీద కూర్చుని ఉండేవాడు. వలకు చెక్క పట్టించమని ఎవరైనా వస్తే తల అడ్డంగా ఊపేవాడు.

అమ్మ దినాలు గడిచాక మా ఆయన ముద్ర ఉన్న వైరు తెచ్చాడు. నన్నూ బిడ్డనూ తీసుకుపోయే ముందు ఆ గదిని సరిచేసి పోవాలన్నాడు. చుట్టను వాకిట్లో పెట్టి నిచ్చెన కోసం పక్కింటికి వెళ్లాడు. నాన్న గంగాళం మీదినుంచి లేచి వచ్చాడు. చుట్ట పక్కన గొంతుక్కూర్చుని, కాగితం మీది ముద్రను వేలితో తడుముతూ, ఏముందో చదవమని నన్నడిగాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. మళ్లీ చదివాను.

మా ఆయన నిచ్చెనతో తిరిగి వచ్చేసరికి నాన్న ఆ చుట్టను పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అల్లుడా, దీన్ని చెక్క నీళ్లల్లో ఎయ్యకూడదు గదా?"

"ఎయ్యకూడదు మామా."

తన పని గురించి నాన్న ఇంకొకరిని అడగడం నేను చూసింది అదే మొదటిసారి. అమ్మ ఉండగా అడిగుంటే ఏం పోయేది అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. నాన్న చుట్టను మా ఆయన చేతికిచ్చి, నిచ్చెన జారకుండా కింద పట్టుకున్నాడు.