తీగ తెగిన చోట వేడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక కొలువు ఉండేది. చుట్టాలు వస్తే ఇంగ్లిష్ చదివి వినిపించడం. హన్మకొండలో ఇంగ్లిష్ మీడియం బడిలో ఐదో తరగతి చదువుతున్నాను. వచ్చినవాళ్లకు చాయ్ అందకముందే మా నాన్న నన్ను పిలిచేవాడు. చేతికి ఏది దొరికితే అది ఇచ్చేవాడు. ఇంగ్లిష్ పేపరో, మందుసీసా డబ్బాలో మడతపెట్టిన కాగితమో, ఏదైనా సరే. నేను ఎక్కడా ఆగకుండా చదివేదాన్ని. నలుగురిలో నోరు పెగలని పిల్లనే, కానీ ఆ పనికి ధైర్యం అక్కర్లేదు. కళ్లూ నాలుకా ఉంటే చాలు. చుట్టాలు మెచ్చుకునేవారు, నాన్న మీసం కింద నవ్వుకునేవాడు. నేను చదివిందేమిటని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

ఇవన్నీ చెప్పుకుని ఇప్పటికీ ఇంట్లో మురిసిపోతారు. నాకు మాత్రం కోపం వస్తుంది. ఆ కోపం పుట్టిన రోజు గురించే ఇది రాస్తున్నాను. గట్టిగా అరవడం నాకు చేతకాదు, రాయడమే వచ్చు.

ఆ ఏడాది మా పెద్దనాన్న కూతురు మా ఇంట్లో ఉండి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదివేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. పరకాల దగ్గరి పల్లె వాళ్లది. చదువంతా తెలుగు మీడియంలోనే సాగింది. లెక్కల్లో చురుకైన పిల్ల కాబట్టి సీటు వచ్చింది. కాలేజీలో మొదటి రోజు నుంచి పుస్తకాలన్నీ ఇంగ్లిష్. దానికి ఆమె భయపడలేదు. సాయంత్రం దాబా మీద చాప వేసుకుని కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదివేది. పెదవులు కదిలేవి కావు. తెలియని మాట వచ్చినచోట పెన్సిల్‌తో దాని నెత్తిన ఒక చుక్క పెట్టి ముందుకు పోయేది. పేరా అయ్యాక మళ్లీ మొదటికి వచ్చేది. ముందూ వెనకా ఉన్న మాటలను బట్టి కొన్ని చుక్కలు తుడిపేసేది. ఇంకా మిగిలిన వాటికే నిఘంటువు తీసేది. మిషన్లకు సంబంధించిన మాట అయితే ఆ వస్తువును చూసేదాకా ఊరుకునేది కాదు. ఒకసారి బేరింగ్ అంటే ఏమిటో చూడాలని మా ఫ్యాను విప్పించింది. నాన్న కేకలేశాడు.

కాలేజీలో ఇదంతా ఎవరికీ అక్కర్లేదు. ఇంగ్లిష్ చెప్పే సారు ఒక్కొక్కరినీ లేపి పాఠం పైకి చదివించేవాడు. ఆయన లెక్కలో చదవడమంటే అదే. పేరాలో ఏముందని అడిగేవాడు కాదు. కింద ఉన్న ప్రశ్నలకు జవాబులు ఆయనే బోర్డు మీద రాసేవాడు, పిల్లలు దించుకునేవారు. అక్క వంతు వచ్చినప్పుడు ఒక్కో మాట దగ్గర ఆగి, కూడబలుక్కుని చదివేది. క్లాసు నవ్వేది. నవ్వు మొదలుపెట్టింది పిల్లలు కాదు, సారే. ఆమెకు పేరు కూడా ఆయనే పెట్టాడు. ప్రతి ఊళ్లో ఆగే బస్సుతో పోల్చి, పరకాల ఆర్డినరీ అన్నాడు. మర్నాటి నుంచి క్లాసంతా అదే పేరు. "ఏమ్మా పరకాల ఆర్డినరీ, బండి యాడిదాకొచ్చింది?" అనేవాడట. ఆమె లేచి నిలబడగానే వెనక బెంచీల వాళ్లు బస్సు హారన్ కొట్టినట్టు చప్పుడు చేసేవారట.

ఇవి అక్క మాకు అప్పట్లో చెప్పలేదు. చెప్పుకునే మనిషి కాదు. ఆ క్లాసుకు పోవడం మానేసింది, అంతే. ఆ గంటసేపు లైబ్రరీలో కూర్చుని అదే పాఠం చదువుకునేది. కొన్నాళ్లకు కాలేజీవాళ్లు పల్లెకు ఫోన్ చేసి, మీ అమ్మాయి క్లాసులకు రావడం లేదని పెద్దనాన్నకు చెప్పారు. ఎందుకు రావడం లేదో ఆమెను పిలిచి అడిగిన పాపాన మాత్రం పోలేదు.

ఆదివారం పొద్దున పెద్దనాన్న దిగాడు. ఎప్పటిలాగే మాకోసం బియ్యం బస్తా తెచ్చి గోడకు ఆనించాడు. తర్వాత చెప్పులైనా విప్పకుండా, "సంచి సదురుకో, పోదాం" అన్నాడు. అక్క గోడకు అంటుకుపోయినట్టు నిలబడింది. సంచి సర్దుకుంటే చదువు అయిపోయినట్టే. అది ఆమెకూ తెలుసు, వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకూ తెలుసు.

"క్లాసుకు పోక యాడ తిరుగుతానవ్?" అని అడిగాడు పెద్దనాన్న.

"యాడ తిరుగుతలేను బాపు. లైబ్రరీల కూసుంటాన."

"క్లాసుల కూసుండనోళ్లు లైబ్రరీల కూసుంటరా? నన్ను పిచ్చోన్ని జేస్తానవా?"

మా నాన్న అన్నను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఆయన సర్దిచెబుతాడని అక్క అనుకుందేమో, ఆశగా చూసింది. "అన్నా, దాని తప్పు గాదు. దానికి ఇంగ్లిష్ రాదు. తెలుగు మీడియపోళ్లకు ఇంజనీరింగ్ అంటే కష్టమే" అన్నాడు నాన్న. అని ఊరుకున్నా బాగుండేది. నన్ను పిలిచాడు. అక్క టేబుల్ మీద ఉన్న ఇంగ్లిష్ పుస్తకం తెచ్చి, గుర్తు పెట్టిన పేజీ తీసి నా చేతికిచ్చాడు. "సూడన్నా, ఐదో తరగతి పిల్ల ఎట్ల చదువుతదో. ఫరక్ నీకే తెలుస్తది."

నేను చదివాను. మాటల నెత్తిన పెన్సిల్ చుక్కలున్న పేరా. ఎప్పటిలాగే ఎక్కడా ఆగకుండా చదివాను. నేను చదువుతున్నంతసేపూ అక్క తల వంచుకునే ఉంది. పెద్దనాన్న చాయ్ తాగడం మరిచిపోయాడు. పదేళ్ల పిల్లను కట్టెలా చేతబట్టి ఇంకో ఆడపిల్ల వీపు మీద వేశారు. దెబ్బ తగిలింది ఆమెకు. ఆ కట్టెను మాత్రం నేను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటున్నాయి.

అప్పటికే, మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటావిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మా అమ్మ పంపిన గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. వాడకట్టులోని ముస్లిం పిల్లలకు అరబ్బీ చదవడం నేర్పే మనిషి. మాతో మాట్లాడేది మాత్రం మా తెలుగే. నేను ముగించగానే గిన్నె కింద పెట్టి నా పక్కన కూర్చుంది.

"మస్తు చదివినవ్ బిడ్డా. నాకు ఇంగ్లిష్ రాదు గదా. ఏం రాసిండ్రో జర జెప్పు."

నేను పుస్తకం వైపు చూశాను. ఇంతకుముందు ఆగకుండా పరుగెత్తిన మాటలు అక్కడే ఉన్నాయి, ఒక్కటీ నోరు విప్పలేదు. ఏదో ఇనుము గురించి అన్నాను. "ఇనుము గురించి ఏం రాసిండ్రు?" అంది ఖాలా. నాకు ఏడుపొచ్చింది.

"చిన్నపిల్ల, దానికేం తెలుస్తది ఖాలా" అన్నాడు నాన్న.

"మరి తెల్వని పిల్లతోని తెలిసిన పిల్లను ఎందుకు కొట్టిస్తానవ్ తమ్మీ?"

ఖాలా గొంతు పెంచలేదు, కానీ ఆమె ముఖం ఎర్రబడింది. "నా కాడికొచ్చే పిల్లలు ముందుగాల అర్థం తెల్వకుంటనే అరబ్బీ చదువుతరు. అల్లాకు తెలుసు గనుక నాకు ఫికర్ లేదు. ఈ మిషన్ల పుస్తకం ఎవలకు చదివి వినిపిస్తాన్రు? మిషన్లకు చెవులుంటయా?" అని, అక్క వైపు తిరిగింది. "నువ్వు జెప్పు బిడ్డా. పైకి చదువకు. ఏముందో చెప్పు."

అక్క గోడ దగ్గరికి వెళ్లి బియ్యం బస్తా మూతికి చుట్టిన ఇనుప తీగను విప్పింది. కొనలు రెండు చేతులతో పట్టుకుని మధ్యలో వంచింది, సాపు చేసింది. మళ్లీ వంచింది, మళ్లీ సాపు చేసింది. వంచుతూనే చెప్పింది.

"ఇనుము ఒక్క దెబ్బకు ఇరగది బాపు. అది మోయగలిగే బరువే దాని మీద పెడ్తరు. పెడ్తరు, తీస్తరు, మల్ల పెడ్తరు. ఒక్కో పారి ఏం గాదు. గని లోపల వెంట్రుక మందం పగులు మొదలైతది. పైకి కనవడది. అందరు బాగనే ఉందనుకుంటరు. ఎప్పటి బరువే పెట్టిన రోజు తెగుతది. అప్పుడందరు, గింత దానికే తెగిందేంది, ఇనుమే మంచిది గాదంటరు."

తీగ తెగింది. పెద్ద చప్పుడేం కాలేదు. అక్క ఒక ముక్క తెచ్చి, తెగిన కొనను నా మణికట్టు మీద ఆనించింది. వేడిగా ఉంది. "గిది రాసిండ్రు చెల్లె, నువ్వు చదివిన దాంట్ల" అంది. నా మీద కోపంతో అనలేదు. ఆ మాట నాకు అందాలన్నట్టు చెప్పింది. తర్వాత తన తండ్రి వైపు తిరిగి, "నాకు చదువొస్తది బాపు. చదివి వినిపించుడే రాదు" అంది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే సారు పెట్టిన పేరు, హారన్లు, అన్నీ చెప్పింది.

పెద్దనాన్న రెండో ముక్క తీసుకుని తెగిన చోటును వేలితో తడిమాడు. "మన బాయికాడ కరెంటు తీగ గాలికి ఊగి ఊగి తెగేది గిందుకేనా?" అని అడిగాడు.

"ఔ బాపు, గందుకే."

"నేను కోతులు తెంపుతానయనుకున్న." ఆయన లేచాడు. "సంచి సదురకు. రేపు నేను గూడ కాలేజీకొస్త."

మర్నాడు వెళ్లాడు. క్లాసు గుమ్మం దగ్గర నిలబడి, మా పిల్లను పాఠంలో ఏముందో కూడా అడగండి సారూ అని బతిమాలుకున్నాడట. సారు నవ్వి, రీడింగ్ అంటే ఇదేనండీ అన్నాడట. ఆయన ఏమీ మారలేదు. ఆ పేరూ పోలేదు, హారన్లూ ఆగలేదు. అక్క మాత్రం ఒక్క క్లాసు కూడా తప్పకుండా వెళ్లింది, లేచి నిలబడి ఆగుతూ ఆగుతూనే చదివింది. పరీక్షలో ఎవరూ పైకి చదవమనలేదు కాబట్టి పాసయింది. ఇప్పుడొక ఫ్యాక్టరీలో, ఏ మిషన్ నడపాలో దేన్ని ఆపాలో చెప్పే ఉద్యోగం చేస్తోంది. ఇక్కడ కథ సుఖంగా ముగిసిందని మా ఇంట్లో వాళ్లు అనుకుంటారు. నేను అనుకోను. ఆ సారు తనకు తోచినట్టు నవ్వుకుంటూనే రిటైరయ్యాడు. ఆయన క్లాసులో తెగిపోయి ఇళ్లకు వెళ్లిపోయిన మిగతా ఆడపిల్లల కోసం ఏ ఖాలా గిన్నె పట్టుకుని వచ్చిందో నాకు తెలియదు.

ఆ ఆదివారం తర్వాత నాన్న నన్ను చుట్టాల ముందు చదవమనలేదు. అడిగినా నేను చదివేదాన్ని కాను. అక్కలాగే పెదవులు కదపకుండా, చుక్కలు పెట్టుకుంటూ చదవడం మొదలుపెట్టాను. నిజంగా చదవడం నాకు అప్పుడు వచ్చింది. పుస్తకాల పిచ్చి కూడా అక్కడి నుంచే పట్టింది.

ఇప్పుడు నేను ఇక్కడే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. నెమ్మదిగా మాట్లాడతానని, స్టాఫ్ రూములో నేను ఉన్నట్టే తెలియదని అంటారు. నిజమే. మొన్న ఒక సీనియర్ సారు కుర్చీ వెనక్కి వాల్చి, ములుగు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఎలా చదివిందో అనుకరించి చూపించాడు. మాట మాటకూ ఆగుతూ, కళ్లు తేలేస్తూ. అందరూ నవ్వారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ పేరాలో ఏముందో అమ్మాయిని అడిగారా సార్?"

"ముందు చదవనీయండి మేడమ్, తర్వాత అడుగుదాం."

"పోనీ మీరు చెప్పండి సార్. ఏముంది అందులో?"

ఆయన నవ్వుతూనే పుస్తకం తెరిచాడు. చూస్తూ చూస్తూ నవ్వు తగ్గింది. పేజీ తిప్పాడు. నేను కూర్చోలేదు. జవాబు వచ్చేదాకా కూర్చోకూడదనుకున్నాను. మణికట్టు మీద, సరిగ్గా ఆ ఆదివారం అక్క తీగ ఆనించిన చోట, వేడిగా ఉంది.