ఆ పిల్ల అన్నది అంకన్న కాదు

పోయిన కార్తీకం రెండో సోమవారం. పగలు పదిగంటల ముప్పై అయిదు నిమిషాలు. పెనుకొండ రైల్వేస్టేషన్. టైము గడియారంలో చూసే రాస్తున్నాను. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. అంకెలు మాత్రం తప్పు చదవను.

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. నా వయసంతా గొర్రెల మంద దగ్గర పడుకున్నదాన్ని. నక్కలొచ్చాయి, దొంగలొచ్చారు. దయ్యం ఒక్కటీ రాలేదు.

మా అన్న అంకన్న నాలుగేళ్ళ కిందట, ఇంట్లో చెప్పకుండా, హిందూపురం సంతకని పోయి తిరిగి రాలేదు. అప్పటికే మతిమరుపు మొదలై ఉంది. ఫోటో పట్టుకుని నేను ఆస్పత్రులు, బస్టాండ్లు, దర్గాలు అన్నీ తిరిగాను. పెనుకొండ స్టేషన్‌కైతే నెలకు రెండుసార్లు పోయేదాన్ని.

మా అన్న కొడుకు నాగరాజు ధర్మవరంలో మగ్గం నేస్తాడు. వాడు విసిగిపోయాడు. ఇక నాయన లేడనుకుని పటానికి దండ వేసి కర్మ చేసేస్తానన్నాడు. మేనత్త లేకుంటే బాగుండదని నన్ను తీసుకుపోవడానికి ఆ సోమవారం వచ్చాడు.

"ఇంగ ఇడ్సిపెట్టత్తా. ఉంటే ఈపాటికి రాకుండా ఉంటాడా?" అన్నాడు దారిలో.

"పీనుగను చూపీరా, ఏడుస్తా. పటానికి ఏడ్సను," అన్నాను. నేను బయల్దేరింది ఆ దండ తెంపడానికే. వాడికది చెప్పలేదు.

మా బెంచీ వెనకాల ఇద్దరు కాలేజీ పిల్లలు హిందూపురం రైలు కోసం కూర్చుని, ఫోను చూసుకుంటూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. ధర్మవరం రైలు వచ్చి ఆగింది. నాగరాజు సంచులతో ముందు ఎక్కాడు. నేను మెట్టు మీద కాలు పెట్టాను.

"అంకన్నే," అని వెనక నుంచి వినబడింది. అంత రొదలోనూ చెవి పక్కన అన్నట్టు వినబడింది.

కాలు దించి తిరిగి చూశాను. ప్లాట్‌ఫారం చివర కొళాయి దగ్గర గడ్డం పెరిగిన ముసలాయన వంగి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నీళ్ళు తాగుతున్నాడు. కుంట నీళ్ళు వడగట్టుకుని తాగే గొర్రెలవాళ్ళ అలవాటు అది. కొళాయి నీళ్ళను కూడా అట్లా తాగేది మా అన్న ఒక్కడే.

నాగరాజు అరుస్తున్నాడు. రైలు కదిలింది. నేను కొళాయి వైపే నడిచాను. వాడు సంచులు లోపలే వదిలేసి దూకాడు.

దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమే నర్సీ, గొర్రెల్ని యాడ ఇడ్సిపెట్టి వచ్చినావే?" అన్నాడు.

నాగరాజు వాళ్ళ నాయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

తర్వాత ఆ పిల్లల దగ్గరికి పోయి, మా అన్న పేరు మీకెట్లా తెలుసని గట్టిగానే అడిగాను. వాళ్ళు బిత్తరపోయారు. తన అక్క కూతురి ఫోటో చూస్తే అచ్చం తన చిన్నప్పటి ఫోటోలాగే ఉందని, అందుకు ఒక ఇంగ్లీషు మాట అన్నానని ఒక పిల్ల చెప్పింది.

"అది దయ్యాల యవ్వారం మాదిరి మాటవ్వా. భయం పుట్టేంత పోలిక ఉంటే అంటారు. మేమైతే దేనికంటే దానికి అనేస్తాంటాం," అంది.

ఆ మాటను కాగితం మీద తెలుగులో రాయించుకున్నాను. అన్‌క్యానీ. కూడబలుక్కుని నాలుగుసార్లు చదివాను. అందులో మా అన్న లేడు. పైగా తాను మెల్లగానే అన్నానంది.

మా అన్న ఇన్నేళ్ళు ఎక్కడున్నాడో ఆయనకే తెలియదు. ఆ మనిషిని ఆ స్టేషన్‌లో అంతకుముందు ఎప్పుడూ చూడలేదని టీ అమ్మే ఆయన చెప్పాడు.

చెవి పొరపాటు అంటారు. సరే. ఆ పొరపాటు ఆ నిమిషానికే ఎందుకు జరిగిందో చెప్పేవాళ్ళు నాకు ఇంతవరకు దొరకలేదు. నాకూ తెలియదు.

ఆ రోజు అక్కడున్నవాళ్ళందరూ బతికే ఉన్నారు, అడగొచ్చు: నేను నరసమ్మ, నాగరాజు, ఆ మాట అన్న అనూష, పక్కనున్న షాహీనా, టీ అమ్మే రామాంజి, మా అన్న అంకన్న.