బాణం లేని గీత

కళ్లద్దాలు తయారయ్యాయని చెప్పడానికి ఫోన్ చేస్తే సారు భార్య ఎత్తింది. "సార్ లేడు బిడ్డా. మొన్న పొద్దుగాల గుండె ఆగింది" అంది. ఇబ్రహీంపట్నంలో నేను పనిచేసే కళ్లద్దాల దుకాణంలో ఆయన జత ఇంకా డబ్బాలోనే ఉంది. ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. అవి తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఒక మాట అడగాలని కాచుకుని ఉన్నాను.

సర్కారు బడిలో మాకు పదో తరగతి ఫిజికల్ సైన్స్ చెప్పింది ఆయనే. జేబు నిండా సుద్దముక్కలు, చొక్కా నిండా తెల్ల మరకలు. మధ్యాహ్న భోజనం అయ్యాక కడిగిన స్టీలు గంటె ఎత్తి, "లోపటి దిక్కు చూడు, తలకిందులుగ ఎందుకు కనబడ్తున్నవ్?" అని ఒక్కొక్కరినీ అడిగేవారు. తెలియదంటే తిట్టేవారు కాదు. "నోరు తెరిచి ఎందుకని అడుగుండ్రి. సిగ్గుపడితే సైన్స్ రాదు" అనేవారు. కటకం బొమ్మ గీస్తే ముందు బాణాలే చూసేవారు. వెలుగు ఎటు పోతుందో చూపించని గీతను కొట్టేసి, "ఇది ముగ్గు, కిరణం గాదు" అనేవారు. నాకు ఆ పాఠం ప్రాణం. ఇవాళ నేను తినే తిండి ఆ పాఠం పెట్టిందే, అది దాచను.

ప్రీ-ఫైనల్ ముందు నాకు టైఫాయిడ్ వచ్చింది. లేచి వెళ్లి సగం పేపరే రాయగలిగాను. ఆ మార్కులు చూసి క్లాసును రెండుగా చీల్చారు. బాగా చదివేవాళ్లు గదిలో, గట్టెక్కితే చాలనుకున్నవాళ్లు వరండాలో. వరండాకు పాస్ బ్యాచ్ అని పేరు. అందులో నా పేరు సారే చదివారు. నా జ్వరం సంగతి ఆయనకు తెలుసు. మా ఇంటికొచ్చి బత్తాయిలు ఇచ్చి పోయిన మనిషి.

"సార్, నేను లోపల కూసుంట. కాంతి పాఠం నాకొస్తది" అన్నాను.

"వచ్చుడు గాదు, పాస్ గావాలె. ఒక్కరు గూడ ఫెయిల్ గావొద్దని పై ఆఫీసర్లకెల్లి ఒత్తిడున్నది. గీ బొమ్మలు ముగ్గు లెక్క నేర్చుకో, చాలు."

"ముగ్గు లెక్కనా సార్? ఎందుకు?"

"ఇప్పుడు ఎందుకని అడుగకు బిడ్డా."

గదిలోంచి ఆయన గొంతు వరండాలోకి వినిపించేది. కిరణం ఎక్కడ వంగుతుందో, ఎందుకు వంగుతుందో వాళ్లకు చెప్పేవారు. మేము చూసి గీసేవాళ్లం. అడగమని నేర్పిన మనిషే నా నోరు మూశారు. ఇంకెవరైనా ఆ పని చేసి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

పరీక్షలో ఆ కటకం బొమ్మే వచ్చింది. ప్రతి గీతకూ బాణం పెట్టి, పక్కన కారణం కూడా రాశాను. మంచి మార్కులే వచ్చాయి. అయినా ఆ వరండా నన్ను వదల్లేదు.

పోయిన నెల కంటి పరీక్షకు వచ్చి, నన్ను గుర్తుపట్టి మురిసిపోయారు. దుకాణంలో జనం ఉన్నారని, నన్ను వరండాలో ఎందుకు కూర్చోబెట్టారన్న మాట మింగేశాను.

నిన్న కళ్లద్దాలు పట్టుకుని బొంగులూరులో వాళ్లింటికి వెళ్లాను. సారు భార్య వాటిని ఆయన ఫొటో ముందు పెట్టింది.

"నీ ముచ్చట మస్తు చెప్పెటోడు బిడ్డా. ఫెయిలయ్యే పిల్లను నేనే పాస్ చేపిచ్చిన అని."

తల ఊపాను. నాకు జరిగిన ద్రోహం ఆయనకు ఉపకారంగా గుర్తుండిపోయింది. ఇక ఎవరిని అడగను?

చెప్పులేసుకుని బయటికి వచ్చాను. చావింటి వాకిలి. నీళ్లు మాత్రం చల్లి ఉన్నాయి, ముగ్గు లేదు.