ఇరవయ్యో అక్షరం

బందరు ప్రెస్సులో ట్రెడిల్ మిషను తొక్కినవాణ్ణి నేను, ముక్తార్‌ని. మా కంపోజిటర్ యాకోబు పగ తీర్చుకున్న రోజున పక్కనే ఉన్నాను. క్షమించమని బోధించేవాళ్లు ఇది చదవక్కర్లేదు.

యాకోబుది చల్లపల్లి దగ్గర పల్లె. ఎనిమిదో తరగతిలో పద్యం అప్పజెప్పబోతే తెలుగు మాస్టారు పూర్ణచంద్రరావు గారు, "కూర్చోరా! మీ నోళ్లకి పద్యమా? దాని కాళ్లు విరుగుతాయి" అన్నారట. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి యాకోబు బడికి వెళ్లలేదు.

ప్రెస్సులో చేరాక ఒక ఛందస్సు పుస్తకం ఆర్నెల్లపాటు కంపోజ్ చేశాడు. సీసపు అక్షరాలు పేరుస్తూనే గురువులూ లఘువులూ వంటబట్టించుకున్నాడు.

తర్వాత మాస్టారు బందరుకే బదిలీ అయ్యారు. పెళ్లిళ్లకి పద్యాలు రాసి మా దగ్గరే అచ్చు వేయించేవారు. యాకోబును గుర్తుపట్టలేదు. ఎప్పుడూ ఏదో ఒక పాదం కుంటేది. పద్యం పరువు పోకూడదని యాకోబు చప్పుడు లేకుండా సరిచేసేవాడు. పదకొండేళ్లు! "అచ్చులో నా పద్యం ఇంకా నిగనిగలాడుతుందోయ్" అని మాస్టారు మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండేది.

అరవై ఒకటిలో ఆయన కూతురి పెళ్లి. ఉత్పలమాల తెచ్చారు. మూడో పాదంలో ఇరవై అక్షరాలకి పంతొమ్మిదే ఉన్నాయి.

"ముక్తార్ బావా, ఈసారి ఉన్నదున్నట్టే" అన్నాడు యాకోబు.

ప్రూఫు చదవకుండానే మాస్టారు సంతకం పెట్టారు. నేను హుషారుగా తొక్కాను.

పెళ్లిపందిట్లో గుడివాడ వియ్యంకుడు గారు రాగం తీసి చదువుతూ మూడో పాదంలో ఆగిపోయారట. వేళ్లు మడిచి లెక్కపెట్టి, "బావగారూ, ఒక అక్షరం ఇంట్లో మర్చిపోయినట్టున్నారే!" అన్నారట. పందిరంతా ఘొల్లుమంది.

మర్నాడు మాస్టారు ప్రెస్సు మీద పడ్డారు. "నా అక్షరం తినేశావురా దొంగా!"

యాకోబు ఆయన చేతిరాతా, సంతకమున్న ప్రూఫూ ముందు పెట్టాడు. "పైకి లెక్కపెట్టండి మాస్టారూ."

అందరం పని ఆపాం. పంతొమ్మిది దగ్గర ఆయన గొంతు ఆగింది.

"ఎనిమిదో తరగతిలో మీరు కూర్చోబెట్టిన యాకోబునండీ. పదకొండేళ్లుగా మీ పద్యాల కాళ్లకి కట్లు కట్టింది నేనే."

మాస్టారు ప్రూఫు కాగితం మళ్లీ చూసుకున్నారు. "రేపు వియ్యాలవారింట్లో వ్రతం. పద్యం దిద్ది మళ్లీ అచ్చు వేయించి పంచాలి. అక్కడేం పడుతుందో చెప్పు నాయనా" అన్నారు మెల్లగా.

"నాకు తెలుసండీ. చెప్పను." స్టూలు జరిపాడు. "కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. ఒకటి పెడితే యతి చెడింది, ఇంకోటి పెడితే అర్థం చెడింది. మేం ప్రెస్సు తలుపులు వేసేదాకా వేళ్లు మడుస్తూనే ఉన్నారు.