చెవికి ఆనించిన డిస్కు

పొద్దున గోడాదరా బస్తీలో తన కంప్యూటర్ల దుకాణం తెరవగానే అంబదాస్ బాగుకొచ్చిన హార్డ్ డిస్కును చెవికి ఆనించి వింటాడు. మగ్గాల మధ్య పెరిగినవాడు, చప్పుడును బట్టే జబ్బు చెబుతాడు. ఇవాళ ఊర్మిళ తెచ్చినది సాఫీగానే తిరుగుతోంది. "అంతా తుడిచి ఫార్మాట్ చేయాల్నా అని కంప్యూటర్ అడిగితే ఔనన్నవా, చెల్లె?" "లే అన్నా, భయమై వైరు పీకేసిన. పోయిన మా అమ్మ నా లగ్గం వీడియోలనే ఉన్నది." "వీడియోలు పోలే. సామానంతా ఇంట్లనే ఉంది. ఏ అర్రల ఏముందో రాసిన పట్టీ చెరిగింది, గంతే."

మధ్యాహ్నానికి తెర మీద ఊర్మిళ తల్లి వంటవాళ్ల మీద విరుచుకుపడింది: "పప్పుల ఉప్పేదిరా?" ఊర్మిళ నవ్వుతూనే ఏడ్చింది. "ఇంకోసారి పెడదామా?" అని అడిగింది అంబదాసే. పని నేర్వని రోజుల్లో తన కంప్యూటర్ ఆ ఫార్మాట్ ప్రశ్నే వేస్తే, ఆయన ఔనని నొక్కి, ఇంటి వీడియోలున్న ఆ డిస్కు నిండా సినిమాలు ఎక్కించాడు. చనిపోయిన భార్య లత గొంతు ఇవాళ ఆయన దగ్గర ఎక్కడా లేదు.