ఎనిమిదో ముక్కు

కరోనా కాలంలో మా అమరచింత కబడ్డీ టీమును నేను ఎలా ముంచబోయానో చెబుతాను. నవ్వుకోండి గాని, నా ముందు మాత్రం వద్దు.

ఆదివారం గద్వాలలో పోటీ. ఏడాదిగా ఆట లేక మోకాళ్లు తుప్పు పట్టిన మా ఏడుగురూ దానిమీదే ఆశ పెట్టుకున్నారు. దానికి ముందు సోమవారం కెప్టెన్ ఖాజా ఇంట్లో దావత్. వాళ్లింటి పద్ధతిలో అందరం ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని బిర్యానీ తిన్నాం. మర్నాడు, మాకు వడ్డించిన ఖాజా వాళ్ల అన్నకు పాజిటివ్ అని తేలింది.

కోచ్‌ని కదా, దవాఖానకు పరుగెత్తాను. రెండు పరీక్షలున్నాయంది నర్సు యాదమ్మ. ర్యాపిడ్ పావుగంటలో తేలుతుంది గాని ఒక్కోసారి రోగాన్ని పట్టుకోదు. ఆర్‌టీపీసీఆర్ నమ్మకమైనది, కానీ ఫలితానికి రెండు రోజులు. నాకు తొందర. వెంటనే ఏడుగురికీ ర్యాపిడ్ చేయించాను. అందరికీ నెగెటివ్. నేను మిఠాయి తెప్పిస్తుంటే యాదమ్మ ఆపింది.

"నిన్న తిన్నరు, ఇయ్యాల ఏం తెలుస్తది సారూ? జర నాలుగు దినాలు ఆగుండ్రి."

ఆగితే పోటీ దాటిపోతుందేమో. ఆగకపోతే పరీక్షే దండగ. వేళ్లు మడిచి లెక్కేశాను; ఒకసారి శనివారం వచ్చింది, ఇంకోసారి బుధవారం. చివరికి యాదమ్మే చీటీ రాసిచ్చింది: శుక్రవారం ఆర్‌టీపీసీఆర్, అందాకా ఎవరూ ఇల్లు కదలొద్దు. కదలకుండా చూడటానికి నేను రోజూ ఏడిళ్లూ తిరిగి, వీధిలోంచే కేకలేసి వచ్చాను.

ఆదివారం పొద్దునకు ఏడూ నెగెటివ్. వాళ్లు ఆటోలో వచ్చారు. నేను ఒక్కడినే బండి మీద వెళ్లాను. ఆ వారంలో నేను చేసిన మంచి పని అదొక్కటే. మైదానం గేటు దగ్గర ఉద్యోగి రిపోర్టులన్నీ చూసి నావైపు తిరిగాడు.

"మీదేది సారూ?"

"నేనేం ఆడ్త? కోచ్‌ను."

వెనక నుంచి ఖాజా మెల్లగా అన్నాడు. "పళ్లెం కాడ ముందుగాల కూసున్నది మీరే గద సార్."

అక్కడే నా ముక్కులో పుల్ల పెట్టారు. పావుగంటలో రెండు గీతలు, అంటే పాజిటివ్. టీమును లోపలికి, నన్ను ఇంటికి పంపారు. దారంతా నిజంగానే ఏడుపొచ్చింది.

సాయంత్రం ఖాజా ఫోన్ చేశాడు. "గెలిచినం సార్."

"నేను లేకుండనా?"

"మీరు గీత కాడ నిలబడి కుడి, ఎడమ అని అర్వలే గద. మాకు ఆట జర మంచిగ తెలిసింది సార్."

అందువల్ల సమస్త క్రీడాలోకానికీ ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ పరీక్షయినా మొదటి పుల్ల నా ముక్కుకే. పళ్లెం దగ్గర చివర కూర్చుంటానని మాత్రం ఒట్టు వేయలేను.