అమ్మ కూర్చున్న ఎడమ పక్క

మా నాయన మా ఇంటికి వచ్చిన వారానికే కంచంలో సగం తిండి వదిలేయడం మొదలుపెట్టాడు.

మెతుకు కింద పడితే ఏరుకుని తినే మనిషి ఆయన. ఆదోనిలో పత్తి దలాలీ చేసి మమ్మల్ని పెంచినవాడు. పోయినేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. కర్నూలు ఆసుపత్రి నుంచి పంపించాక, మేడ మీదున్న ఆదోని ఇల్లు ఆయనకు పనికిరాదని, నేనూ మా ఆయనా పట్టుబట్టి అమ్మనీ నాయననీ ఎమ్మిగనూరులో మా ఇంటికే తెచ్చుకున్నాం. మాట పోలేదు, మతి పోలేదు. రోజూ ఫోనులో పత్తి ధర కనుక్కుని, ఆ ధరకు కొన్నవాణ్ణి వాడి ముందుతరంతో సహా తిట్టేవాడు. అంతవరకూ దేవుడు చల్లగా చూశాడనే అనుకున్నాం.

ఒక పొద్దున బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశాను. కంచంలో ఒక పక్క ఉగ్గాని, ఇంకో పక్క మిరపకాయ బజ్జీలు పెట్టి ఆయన ముందుంచాను. నాయన ఉగ్గాని తినేసి, చెయ్యి కడుక్కోవడానికి గిన్నె అడుగుతూ, "ఉగ్గాని సేసి బజ్జీ ఎయ్యకపోతే ఎట్ల పాపా?" అన్నాడు.

బజ్జీలు కంచంలోనే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నే సలసల కాగే నూనె ముందు నిలబడింది నేను.

"కండ్ల ముందర పెట్టుకుని ఎయ్యల్యా అంటావేం నాయనా?" అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టి వంటింట్లోకి లాక్కుపోయింది. "ఊరుకోవే. మీ నాయన అల్లుని ఇంట్లో కడుపు నిండా తింటాడా? రెండు ముద్దలు తిని లేస్తాడు. కావాలని అడగలేక అట్ల ఎగతాళి సేస్తాండాడు" అంది.

నాకూ నిజమే అనిపించింది. నా పెళ్లయినప్పటి నుంచి నాయన మా ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. ఎప్పుడొచ్చినా టీ తాగి, సాయంత్రం బస్సుకు ఆదోని వెళ్ళిపోయేవాడు. ఆడపిల్ల ఇంట్లో తిని పడుకుంటే మర్యాద పోతుందని ఆయన పట్టుదల. అలాంటి మనిషిని మంచంతో సహా ఎత్తుకొచ్చి అల్లుడి నడింట్లో పడేశాం. కోపం ఉండదా మరి?

మా ఆయన ఈ మాట విని చాలా కుమిలిపోయాడు. మామ మొహమాటపడుతున్నాడని పక్కనే కూర్చుని, చప్పుడు చేసుకుంటూ రెండు రొట్టెలు ఎక్కువ తినేవాడు. ఆ నెలలో పొట్ట పెరిగింది ఆయనకే. నాయన కంచంలో సగం అలాగే ఉండేది. ఒకసారి నాయన తనంతట తానే గడ్డం గీసుకుంటే, కుడి చెంప నున్నగా, ఎడమ చెంప తెల్లటి మాసిన గడ్డంతో అలాగే మిగిలింది. "మామకు నా మీద సగం కోపం తగ్గినట్టుంది" అన్నాడు మా ఆయన. అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు.

అమ్మకు నవ్వు రాకపోవడానికి కారణం ఉంది. నాయన రోజూ "మీ యమ్మ యాడ?" అని అడిగేవాడు, అమ్మ పక్కనే కూర్చుని ఉండగా.

భార్య స్థానం భర్తకు ఎడమ పక్కన అని మా అమ్మ నమ్మకం. పెళ్లి ఫోటోలో ఎడమ పక్కే. సినిమా హాల్లోనూ, బస్సులోనూ, మంచం మీదా ఎడమ పక్కే. ఎవరైనా తెలియక ఆ కుర్చీలో కూర్చుంటే, వాళ్ళు లేచేదాకా ఈవిడ నిలబడే ఉండేది. మా ఇంట్లోనూ నాయన మంచానికి ఎడమ వైపే పీట వేసుకుని, పడిపోయిన చేతికి నూనె రాస్తూ కూర్చునేది. అక్కణ్ణుంచి ఆవిడ "ఈడనే ఉండానే" అంటే, నాయన కుడి వైపు గుమ్మంలోకి చూస్తూ, "గొంతు ఇనపడతాంది, మనిషి యాడ?" అనేవాడు. ఒకసారి ఆవిడ చేతిలో ఉన్న తన చెయ్యే కుడి చేతికి తగిలితే, "ఎవురిదో చెయ్యి నా పక్కలో పెట్టినారు, తియ్యమనప్పా" అని మా ఆయనతో అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇప్పుడంటే ధరలు ఫోన్లలో కనిపిస్తున్నాయి కానీ, నాయన వయసులో ఉన్నప్పుడు పత్తి బేరం తువ్వాల కింద జరిగేది. ఇద్దరూ చేతుల మీద తువ్వాల కప్పుకుని, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. చుట్టూ పదిమంది ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు. పిడికిలి మొత్తం పట్టుకుంటే ఒప్పుకున్నట్టు, చెయ్యి లాగేసుకుంటే బేరం తెగినట్టు. నాయన ఈ విద్యను ఇంటికి కూడా తెచ్చాడు. పెళ్లిళ్లలో, చుట్టాల ఇళ్లలో, అమ్మ పైట చెంగు కింద ఆవిడ వేలు ఒకటి నొక్కేవాడు. ఇంక లేద్దాం పద అని దానర్థం. అమ్మ పిడికిలి పట్టుకుంటే సరే అన్నట్టు. మేం పిల్లలం ఎన్నిసార్లో చూశాం. చూసినట్టు తెలిస్తే అమ్మ సిగ్గుపడి మమ్మల్నే కసిరేది.

అమ్మ ఎడమ పక్క కూర్చునేది కాబట్టి, ఆ మాటలన్నీ మాట్లాడింది నాయన ఎడమ చెయ్యి.

ఇప్పుడు నూనె రాస్తూ రాస్తూ అమ్మ ఆ చేతి వేలు నొక్కి చూస్తోందని నాకు అప్పటికి తెలియదు. రోజూ నొక్కిందట. జవాబు రాలేదు. పక్షవాతం వచ్చిన చెయ్యి కదలదని ఆవిడకు మాత్రం తెలియదా? అయినా మొహం తిప్పి ఒక చూపు చూడొచ్చు కదా అని ఆవిడ బాధ. చూడలేదు. ఆదోని ఇల్లు వదిలి వద్దామన్న మాటకు ముందు ఊకొట్టింది తనే కాబట్టి, ఆయన తనతో బేరం తెంచుకున్నాడని తీర్మానించుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ సంచిలో చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

"ఆలూరికి పోతా. మా యక్క కాడ కొన్నాళ్లుంటా" అంది.

"నాయనను ఇట్ల ఇడిసిపెట్టా?"

"ఆయన కంటికి నేను ఆనల్యా. ఆనని మనిషి ఉంటే ఏం, పోతే ఏం? మీరుండారు కదా, సూసుకోండి."

అంత మాట అమ్మ నోట ఎప్పుడూ వినలేదు. నా కోపమంతా నాయన మీదికి మళ్లింది. విసవిసా వెళ్లి చూస్తే, మళ్లీ సగం కంచం వదిలేసి కూర్చున్నాడు. చెనిక్కాయల పొడి, గుత్తివంకాయ, ఒక రొట్టె అలాగే ఉన్నాయి. కంచం చర్రున లాక్కున్నాను. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగిన వాసన వస్తే, కంచం మళ్లీ బల్ల మీదే పెట్టేసి పరుగెత్తాను. పాలు దింపి వచ్చేసరికి నాయన వంకాయ తింటున్నాడు.

"ఇంత మంచి వంకాయ ఇప్పుడు పెడతావేం పాపా? ముందే పెట్టొచ్చు కదా" అన్నాడు.

కంగారులో కంచం తిప్పి పెట్టానన్నమాట. ఎడమ వైపు ఉన్నది కుడి వైపుకు వచ్చింది. ఒక బెల్లం ముక్క తెచ్చి ఆయన ఎడమ చేతి దగ్గర పెట్టి, ఏముందని అడిగాను. "ఏం ల్యా" అన్నాడు. అదే ముక్క కుడి వైపు పెడితే నోట్లో వేసుకుని, డాక్టరు తీపి వద్దన్నాడు కదా అని నన్నే అడిగాడు. ఆయన ఎగతాళి చేయడం లేదు, అలగనూ లేదు. లోకంలో సగమే ఆయనకు అందుతోంది, ఆ సంగతి ఆయనకు తెలియదు.

లోపలికెళ్లి అమ్మ చేతిలో సంచి లాగేసి, "రేపు డాక్టరు కాడికి పోదాం, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాను.

కర్నూలు డాక్టరు వయసులో చిన్నవాడే కానీ ఓపిక ఉన్నవాడు. నాయనను పరీక్ష చేసి, అమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, మీ తల వెనకాల ఇప్పుడు మీకు ఏం కనిపిస్తాంది? చీకటి కనిపిస్తాందా?"

"చీకటి యాడిది సార్? ఏం ల్యా."

"అట్ల ఏం లేకుంటే మీకు వెలితిగా ఉందా?"

"వెనక కదా సార్, దానికి వెలితేముంది?"

"ఈయనకు ఎడమ పక్కంతా అట్లే. కన్ను బాగుంది. కన్ను పంపించింది లోపలికి పోతాంది. అది అందుకుని, ఇదిగో ఈ పక్క ఒకటుంది అని ఈయనకు తెలిపే చోటు, మెదడులో కుడి వైపు, నెత్తురందక చెడిపోయింది. అందుకే పోయిందని కూడా ఈయనకు తెలియదు."

నేను బడిలో సైన్సు పాఠం చెప్పేదాన్ని. కన్ను బొమ్మ గీసి, దాని వెనక తలకిందులుగా ఒక చెట్టు గీసి, ఇలా చూస్తాం అని పిల్లల చేత రాయించేదాన్ని. అందుకే ఆగలేక అడిగాను. నరాల గుండా లోపలికి పోయేది ఏవో చిన్న చిన్న కరెంటు మెరుపులే అయితే, అవి మా అమ్మ మొహంగా ఎట్లా కనిపిస్తాయి?

ఆయన నవ్వాడు. "అది మాకూ తెలియదమ్మా. యాడ చెడితే ఏం పోతాదో కొంత తెలుసు. బాగున్నప్పుడు అట్ల కనిపించడం ఎట్ల అనేది ఇంకా ఎవరికీ చిక్కలేదు."

చిక్కలేదని ఒప్పుకున్నందుకు ఆ డాక్టరు మీద నాకు గౌరవం పెరిగింది. పొద్దున వ్యాయామం చేయించేటప్పుడు ఎడమ నుంచి పిలిచి తల తిప్పించమని, మిగతా వేళల్లో ఆయనకు అందే వైపు ఉండమని చెప్పాడు. కొందరికి కొంత తిరిగి వస్తుందట. నెల నెలా చూద్దామన్నాడు. లేవబోతుంటే అమ్మ ఆగింది.

"సార్, నేను రోజూ ఆ చెయ్యి పట్టుకుంటాంటి. ఆ చెయ్యికి తెలిసింటాదా?"

డాక్టరు రాస్తున్న కలం పక్కన పెట్టాడు. "ఆయనకు మాత్రం తెలియలేదమ్మా. తెలియకుండానే కొంత లోపలికి పోతాది. అది పోయిందో లేదో నేను చెప్పలేను."

కారులో వస్తూ, కోడుమూరు దాటాక అమ్మ, "నూనె రాస్తాంటే నిద్రపోయేవాడు. వేరేవాళ్ళు రాస్తే పోయేవాడు కాదు" అంది. ఆ మాట నాకు చెప్పిందో, తనకు తాను చెప్పుకుందో. ముందు సీట్లో నాయన కుడి వైపు, బండి నడుపుతున్న మా ఆయన పక్క కిటికీలోంచి పోయే చేలు చూస్తూ, పత్తి ఈసారి పలచగా ఉందని అంటున్నాడు. పలచగా ఉన్నది ఎడమ వైపు చేలో కూడానా అని నాయనను అడిగి లాభం లేదు. అయినా నేను ఏమంత గొప్ప? నా కళ్ళలోనూ ఒక్కో గుడ్డి చుక్క ఉందని, మెదడు దాన్ని పూడ్చేసి ఏమీ ఎరగనట్టు ఉంటుందని పిల్లలకు కాగితం మీద చుక్కలు పెట్టి నేనే చూపించేదాన్ని. ఒక్క కన్నుతో చూస్తూ కాగితం జరిపితే చుక్క మాయమయ్యేది. అక్కడ చిల్లు మాత్రం కనిపించేది కాదు. పిల్లలు అరిచి గోల చేసేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆ చుక్క స్థానంలో మా అమ్మ ఉంటుందని అప్పుడు ఎవరు అనుకున్నారు?

ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. వీధిలో మగ్గాల చప్పుడు ఇంకా ఆగలేదు. నాయనను మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం. అమ్మ అలవాటు కొద్దీ పీట తీసుకుని ఎడమ వైపుకే పోయింది.

"ఆ పక్కకు పోమ్మా" అన్నాను.

"ఆ పక్క ఎట్ల కూకుంటానే? నా తావు ఈడ."

డాక్టరు అంత చెప్పినా ఇదే మాట. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "నా పెళ్లిలో కన్యాదానం చేసేటప్పుడు నాయనకు కుడి పక్కన కూకోల్యా నువ్వు? అయ్యవారే కూకోబెట్టినాడు కదా" అన్నాను.

అమ్మ ఆలోచించింది. ఆ రోజు అయ్యవారు పక్క మారమంటే ఈవిడ తటపటాయించిందని, నాయన ఆవిడ చెయ్యి పట్టి ఇటు లాక్కున్నాడని నాకు గుర్తుంది. ఆవిడకూ గుర్తొచ్చినట్టుంది. పీట ఎత్తుకుని, మంచం చుట్టూ తిరిగి, కుడి వైపుకు వచ్చింది. కొత్త పెళ్లికూతురిలా తల వంచుకుని కూర్చుంది. పిలవలేదు, పలకరించలేదు. నాయన భుజం మీది తువ్వాల తీసి ఆయన కుడి చేతి మీద కప్పి, దాని కిందికి తన చెయ్యి పోనిచ్చింది. తువ్వాల కొంచెం కదిలింది.

నాయన ఉలిక్కిపడి తల తిప్పాడు. అమ్మను చూశాడు. అంత దగ్గరలో ఉన్న మనిషిని అంతసేపు చూడటం నేను ఎప్పుడూ ఎరగను.

"వచ్చినావా? యాడికి పోయింటివి ఇన్నాళ్లూ?"

నేను పాఠం చెప్పడానికి నోరు తెరిచాను. ఎక్కడికీ పోలేదు నాయనా, ఇక్కడే నీ పక్కనే, అని. అమ్మ రెండో చేత్తో నన్ను ఆగమంది.

"ఆలూరికి పోయింటి, మా యక్క కాడికి. ఇప్పుడే వచ్చినా."

"సెప్పి పోవల్ల కదా. ఇల్లంతా ఎతికినాను."

నిజంగానే వెతికాడు. తనకున్న ఇల్లంతా వెతికాడు. తువ్వాల కింద ఆయన పిడికిలి ఆవిడ చేతిని మొత్తం పట్టుకోవడం పైనుంచే తెలుస్తోంది. అమ్మ కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవాలంటే చెయ్యి తీయాలి.

"ఈసారి పోతే సెప్పే పోతాలే" అంది.